తెల్లకాగితం మీద వేలిముద్ర

మొన్న మిరపకోతల్లో ఒక ఆదివారం. మన పేట ఆడమనిషి ఒకామె కోతలో ఉండగా ఫోను మోగింది. "బ్యాంకు హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ కేవైసీ గడువైపోయింది. సాయంత్రంలోపు సరిచేయించుకోకపోతే అకౌంటు ఆగిపోతుంది" అన్నాడు అవతలోడు. పేరు పెట్టి పిలిచాడు. అకౌంటు చివరి అంకెలు కూడా చెప్పాడు. వంగి కాయ కోస్తున్న మనిషి లేచి నిలబడింది. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుంది. "చెప్పండి అయ్యగారూ" అంది.

ఫోను కవరులో దాచుకున్న ఏటీఎం కార్డు తియ్యమన్నాడు. తీసింది. దానిమీది అంకెలు, వెనకాలున్న మూడంకెలు చదవమన్నాడు. ఆమెకు చదువు రాదు. పక్క సాలులో కాయ కోస్తున్న కూతుర్ని పిలిచింది. తొమ్మిదో తరగతి పిల్ల. నా దగ్గరే చదువుతోంది. ఆ పిల్ల చదివింది. తర్వాత మెసేజీలో వచ్చిన ఆరంకెలూ చదివింది. 18,000 పోయాయి. డ్వాక్రా వాయిదా కోసం దాచిన డబ్బు, కోత కూలి డబ్బు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగోరోజు నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, పిల్లని ఏమీ అనొద్దు, నేనే చదవమన్నా" అంది.

పిల్లని అడిగాను. "ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజీలోనే ఉంది గదమ్మా, చదవలేదా?" అని. "చదివాను సార్. కానీ అడిగింది బ్యాంకు సారే గదా" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఇరవై ఏళ్లుగా అక్షరాలు నేర్పుతున్నాం. "నువ్వెవరు?" అని అడగడం మాత్రం నేర్పలేదు.

మిత్రులారా, మన తాతలు దొరల అరుగుల దగ్గర నిలబడి తెల్లకాగితం మీద వేలిముద్ర వేశారు. పైన ఏం రాసుకుంటారో వాళ్లకు తెలీదు. ఎద్దు పోయింది, ఎకరం పోయింది. ఈనాటి ఓటీపీ ఆ వేలిముద్రే. ఆ ఆరంకెలు చెప్పడమంటే "నా డబ్బు తీసుకోవడం నాకు సమ్మతమే" అని వేలు వెయ్యడమే. పిన్ను కొట్టడమూ అంతే. డబ్బు మనకు రావడానికి పిన్ను అక్కర్లేదు. మన దగ్గర్నుంచి పోవడానికే కావాలి. "పెన్షన్ వేస్తాం, పిన్ను కొట్టు" అన్నవాడు వెయ్యడానికి రాలేదు, తియ్యడానికొచ్చాడు.

వాడిని గుర్తుపట్టడం కష్టమేం కాదు. వాడు తొందరపెడతాడు. ఎవరికీ చెప్పొద్దంటాడు. ఓటీపీ గానీ పిన్ను గానీ కార్డు వెనక అంకెలు గానీ అడుగుతాడు. లేదంటే ఒక యాప్ పంపి ఎక్కించుకోమంటాడు. నిజం బ్యాంకు ఇవేవీ ఫోన్లో అడగదు. పేరూ అకౌంటు అంకెలూ తెలిసినంత మాత్రాన బ్యాంకువాడు కాడు. మన వివరాలు ఊరూరా అమ్ముడుపోతున్నాయి. బ్యాంకులు లావాదేవీల గురించీ సేవల గురించీ ఖాతాదారులకు చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చెయ్యాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో ఆదేశించింది. ఆ నంబరు నుంచి వచ్చినా సరే, ఓటీపీ మాత్రం చెప్పొద్దు. ఫోను పెట్టేసి, పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకే పొండి.

ఇంకో రకం వాళ్లున్నారు. పోలీసు బట్టలేసుకుని వీడియోలో కనపడి, "నీ అకౌంటులో దొంగసొమ్ము పడింది, నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం" అంటారు. చదువుకున్నోళ్లే లక్షలు కట్టారు. మనోళ్లకు భయం ఎందుకుండదు? 1968లో ఈ కంచికచర్లలోనే ఇత్తడి సామాను దొంగిలించాడని నేరం మోపి కోటేశును కట్టేసి సజీవంగా తగలబెట్టారు. కోర్టు లేదు, విచారణ లేదు. నేరం మోపితే చాలు ప్రాణం పోతుందని ఈ నేలమీద మన పెద్దలు కళ్లారా చూశారు. మన భయం పిరికితనం కాదు. అది మనకు నేర్పిన పాఠం. కానీ బాబాసాహెబ్ ఇంకో పాఠం రాసిచ్చాడు. రాజ్యాంగం 22వ అధికరణం చూడండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఫోన్లో అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు.

మోసపోతే సిగ్గుపడాల్సింది మనం కాదు, దొంగ. వెంటనే 1930కి ఫోను చెయ్యండి. బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వండి. ఓటీపీ మనమే చెబితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నెత్తినే పడుతుంది. చెప్పిన తర్వాత పోయేదానికి బ్యాంకే బాధ్యురాలు. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. డబ్బు వాడు ఇంకో అకౌంటులోకి మళ్లించే లోపు చెబితే మధ్యలో ఆపే వీలుంటుంది. అందుకే గంటలు లెక్క. ఆ తల్లి సిగ్గుతో మింగుకున్న మూడు రోజులూ దొంగకి పనికొచ్చాయి.

బ్యాంకులకూ ఒక మాట. మనోళ్లు కౌంటర్ దగ్గర ఫారం రాయమని బతిమాలితే "పక్కకి జరుగు" అంటారు. అక్కడ ఎవరూ సరిగ్గా మాట్లాడరు కాబట్టే, ఫోన్లో "అమ్మా" అని పిలిచినవాడు దేవుడిలా కనపడతాడు. మెసేజీలు తెలుగులో పంపండి. చదువురాని మనిషికి కూర్చోబెట్టి చెప్పండి. డిపాజిట్టు మాదైనప్పుడు మర్యాద కూడా మాకు రావాలి.

మనం చెయ్యాల్సింది మనం చేద్దాం. మా బడిలో ఇప్పుడు శనివారం పిల్లలతో ఒక ఆట ఆడిస్తున్నాను. ఒకరు దొంగ బ్యాంకు సారు. రెండోవారు మిరపచేలో అమ్మ. సారు బెదిరిస్తాడు, బతిమాలతాడు, అరుస్తాడు. అమ్మ "నువ్వెవరు? నేను బ్యాంకుకే వస్తా" అని ఫోను పెట్టెయ్యాలి. మొదటి వారం సగం మంది పిల్లలు పెట్టలేకపోయారు. "సారు మాట్లాడుతుంటే ఎట్టా పెట్టేస్తాం సార్?" అన్నారు. ఇప్పుడు పెట్టేస్తున్నారు. ఆ పిల్ల అందరికంటే ముందు పెట్టేస్తోంది.

నందిగామ, జగ్గయ్యపేట, వీరులపాడు, చందర్లపాడు పేటల్లోని మిత్రులు ఈ ఆటని ప్రతి డ్వాక్రా మీటింగులోనూ ఆడించండి. తలగుడ్డ తలమీదే ఉండనివ్వండి.

జై భీమ్.