అద్దె పేరుతో అంగడి

పాతబస్తీలో గౌలీపురా, లాల్ దర్వాజా, షాలిబండ ప్రాంతములందలి సోదరీమణులు కొందరు ఇటీవల మమ్ములను తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. ఇంటి ముందుగది వీధివైపున్నది. పెట్టెలో కొంత బంగారమున్నది. పిల్లలు బడికేగిన పిమ్మట కొంత తీరికయు గలదు. పేరుపొందిన యొక కంపెనీవారి బోర్డు కట్టి వారి సరకు అమ్మినచో లాభమని ఎవరో చెప్పిరి. ఈ ఫ్రాంచైజీ తీసికొనవచ్చునా, కూడదా? దీనికి ఒక్క మాటలో బదులు చెప్పుట మాకు సాధ్యము కాదు. కాని ఆ ప్రశ్నను ఏ కొసనుండి పట్టుకొనవలయునో చెప్పగలము.

ఫ్రాంచైజీ యన్నది మన యిండ్లలో క్రొత్త మాటయే గాని అందలి విషయము మనకు తెలియనిది కాదు. అది పేరును అద్దెకు తీసికొనుట. పేరు గలవారు తమ బోర్డును, తమ వంట పద్ధతిని, తమ సరకును, కొంత శిక్షణను ఇత్తురు. తీసికొన్నవారు మొదట ప్రవేశరుసుము చెల్లించి, వారు చెప్పిన రంగులతో, వారు చెప్పిన బల్లలతో అంగడిని అమర్చి, పిమ్మట నెలనెల అమ్మకములో నూటికి ఇంతయని రాయల్టీ కట్టుచుందురు. అద్దె యింటికి మనము సున్నము వేయించినను గోడ మనది కానట్లే, ఎన్నియేండ్లు కష్టపడి మంచిపేరు తెచ్చినను ఆ పేరు మనది కాదు. అద్దె యింట కాపురము చేయుట తప్పా? ఎంతమాత్రము కాదు. అద్దె ఎంత, ఎన్నాళ్లకు, ఖాళీచేయునాడు చేతికి వచ్చునదేమి యని తెలిసికొని చేరినవారు సుఖముగానే యున్నారు.

కనుక మొదట విచారింపవలసినది, ఆ పేరునకు మీ వీధిలో విలువ గలదా యని. ఈ విషయమున పాతబస్తీ విచిత్రమైన చోటు. ఇచ్చటి జనులు బోర్డు చూచి గాక చేయి చూచి కొందురు. గుల్జార్ హౌజ్ దగ్గర ప్రొద్దుననే దోసెల బండిచుట్టు నిలుచువారు బండిమీది అక్షరములు చదివి నిలువలేదు. పత్తర్‌గట్టీలో ముత్యములకు తాతలనాటి అంగడికే పోవు కుటుంబము లున్నవి. లాడ్ బజారులో గాజులకై నాలుగంగళ్లు తిరిగి, ఐదవదానిలో బేరమాడి, మరల మొదటిదానికే వచ్చు ఓపిక మన స్త్రీలకు గలదు. మాదాపూరులో అద్దాల అంగడికి జనమును రప్పించు పేరు ఇచ్చటను రప్పించునని ముందుగానే నమ్మరాదు.

అట్లని పేరునకు బలము లేదనుట కాదు. షాలిబండలో 1997లో ఆరంభమైన పిస్తా హౌస్ సంగతి చూడుడు. ఆ హలీము పేరు పాతబస్తీ దాటి, ఫ్రాంచైజీల ద్వారమున ఇతర నగరములకును, సముద్రములు దాటి అమెరికాకును పోయినది. మన వీధిలో పుట్టిన పేరును పరదేశమున నొకరు అద్దెకు తీసికొనుచున్నారన్నమాట! హైదరాబాదు విడిచిపోయి ఆ రుచికై మొగము వాచియున్నవారు అక్కడ నుండుటచేత ఆ పేరు అక్కడ పనిచేయును. మీ వీధిలో మీరు తేదలచిన పేరునకై అట్లు మొగము వాచియున్నవా రెవ్వరు? ఈ ప్రశ్నకు జవాబు కంపెనీవారి కాగితములలో నుండదు. మీ యిరుగుపొరుగు వారికడ నుండును.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. హైదరాబాదు హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. హైదరాబాదు లక్కగాజులకును 2024లో అట్టి గుర్తింపే వచ్చినది. ఇవి ఊరి పేర్లు. ఏ ఒక్క అంగడివియు కావు. ఎవరైనను వచ్చి హైదరాబాదు హలీము ఫ్రాంచైజీ ఇత్తుమన్నచో, వారు అద్దెకిచ్చునది తమ అంగడి పేరా, మన ఊరి పేరా యని విడమరచి అడుగుడు. మరియు హలీము విరివిగా అమ్ముడుపోవునది రంజాను మాసమున. నెలకు కనీసము ఇంతయని పండ్రెండు నెలలును రుసుము కట్టవలెనని ఒప్పందములో వ్రాసియున్నచో, తక్కిన పదునొకండు నెలలు ఏమి అమ్మి కట్టవలయునో ముందే యోచించుకొనవలెను.

ఈ పద్ధతి చరిత్రలో ఒక స్త్రీ కథ యున్నది. మన పాఠకురాండ్రు తప్పక తెలిసికొనదగినది. మార్తా మటిల్డా హార్పర్ అను నామె కెనడాలో 1857లో జన్మించి, చిన్ననాటనే పరుల యిండ్లలో పనికి కుదిరి, ఇరువదియేండ్లకు పైగా దాసీవృత్తిలో నుండెను. కూడబెట్టిన సొమ్ముతో 1888లో అమెరికాలోని రోచెస్టరు నగరమున కేశసంస్కారశాల తెరచినది. 1891 మొదలుకొని తన పేరును, తన పద్ధతిని, తన సరకును ఇతర స్త్రీలకిచ్చి ఊరూర శాఖలు పెట్టించినది. అవి ఐదువందలకు పైగా పెరిగినవి. ఆమె మొదట ఎన్నుకొన్నవారు తనవలెనే కూలినాలి చేసికొను స్త్రీలు. వారికి తానే శిక్షణ ఇప్పించి, వారి శాలలను తనిఖీ చేయించుచుండెను. పేరు ఇచ్చు నామె పుచ్చుకొనువారిని పరీక్షించినది! ఈనాడు మీ యొద్దకు వచ్చిన కంపెనీవారు మిమ్ములను ఏమి అడిగిరి? మీకు వంట వచ్చునా, లెక్క వచ్చునా, రోజుకు ఎన్ని గంటలు అంగడిలో కూర్చుండగలరు అని అడిగిరా? లేక సొమ్మెప్పుడు కట్టెదరని మాత్రమే అడిగిరా? సొమ్మునుగూర్చి తప్ప వేరేమియు అడుగనివారు పేరు అద్దెకిచ్చువారు కారు, రుసుము వసూలు చేయువారని మా యభిప్రాయము. ప్రసిద్ధ సంస్థల పేరుతో దొంగ వెబ్‌సైట్లు పెట్టి ప్రవేశరుసుము కాజేసి మాయమగువారును గలరు గనుక, ఆ సంస్థ కార్యాలయమునకు స్వయముగా పోయి విచారింపక ఒక్క రూపాయియు పంపరాదు.

ఇక లెక్క. కంపెనీవారి కాగితమున పెద్ద అక్షరములతో నుండునది అమ్మకము. మనకు కావలసినది మిగులు. ఒక ఉదాహరణ వేసి చూతము. ఇది ఏ కంపెనీ లెక్కయు కాదు. విషయము తేటపడుటకై మేము కల్పించినది. తినుబండారముల అంగడి యొకటి. ప్రవేశరుసుము 5,00,000 రూపాయలు, ఐదేండ్లకు. అంగడి అమరికకు 8,00,000. కొనువారినుండి వసూలుచేసిన పన్ను పోగా నెలకు అమ్మకము 4,00,000 అనుకొందము. కంపెనీనుండి కొనవలసిన సరకునకు 2,20,000. నూటికి 6 చొప్పున రాయల్టీ 24,000. ప్రకటనల నిధికని నూటికి 2 చొప్పున 8,000. గది అద్దె 40,000. నలుగురు పనివారికి 60,000. విద్యుత్తు, గ్యాసు 20,000. చిల్లర ఖర్చు 10,000. మొత్తము 3,82,000. మిగిలినది 18,000.

ఇంతతో తీరలేదు. రాయల్టీమీదను, ప్రకటనల నిధిమీదను నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. గలదు, అది 5,760. నూటికి 5 పన్ను వసూలుచేయు సాధారణ భోజనశాలలకు ఈ సొమ్ము తిరిగి జమకు రాదు. అది ఖర్చుక్రిందనే పోవును. మిగులు 12,240. ప్రవేశరుసుముపైనను అదే పన్ను చేరి 5,90,000 కాగా, 60 నెలలకు పంచినచో నెలకు 9,833. మిగులు 2,407. అమరికకు పెట్టిన 8,00,000 కూడ 60 నెలలకు పంచినచో నెలకు 13,333. అనగా మిగులు లేకపోగా నెలకు పదునొకండువేలకు కొంచెము తక్కువగా నష్టము! ఇందులో మీ కష్టమునకు జీతము వేయలేదు. బంగారముపై వడ్డీ వేయలేదు.

అమ్మకము 3,00,000 అయ్యెనేని, రుసుము, అమరిక మాట యటుంచి, నెలనెల ఖర్చులకే 23,320 రూపాయలు చేతినుండి పెట్టుకొనవలెను. అయినను కంపెనీవారికి వారి రాయల్టీ ముట్టుచునే యుండును. ఏలయన అది లాభముమీద గాక అమ్మకముమీద కట్టినది. అమ్మకము 5,50,000 అయ్యెనేని అన్నియు పోగా సుమారు 42,000 మిగులును. అంతయు రోజు అమ్మకము పదమూడువేలా, పదునెనిమిదివేలా అనుదానిమీద ఆధారపడియున్నది. ఆ సంఖ్యను కంపెనీవారి నోట వినక మీ కంట చూడవలెను. అదే పేరుగల అంగడి వేరొక పేటలో నున్నచో అచ్చటికి పోయి, ఆదివారము గాక మంగళవారమునాడు కూర్చుండి, లోనికి వచ్చినవారెందరో, కొన్నవారెందరో వ్రేళ్లమీద లెక్కించుడు. గాజుల కొరకు చూపు ఓపికలో సగము చాలును.

ముందుగది మాదే గదా, అద్దె యెక్కడిదని కొంద రనుకొందురు. ఆ గదిని మరియొకరికి అద్దెకిచ్చినచో వచ్చెడి సొమ్మే దాని అద్దె. అదియు లెక్కలో వేయవలసినదే.

ఇక కాగితముల మాట. ఫ్రాంచైజీలకై ప్రత్యేకించిన చట్టము మన దేశమున లేదు. అమెరికాలో 1979నుండి అమలులోనున్న నియమము ప్రకారము, సంతకమునకు కనీసము 14 దినములు ముందుగా కంపెనీ చరిత్ర, వ్యాజ్యములు, మూతపడిన శాఖలు మున్నగు వివరములు వ్రాతమూలమున ఇయ్యవలెను. ఇచ్చట మనకు 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము మున్నగు సాధారణ చట్టములే దిక్కు. కావున ఆ వివరములు మనమే అడిగి తీసికొనవలెను. ముఖ్యముగా మూసివేసినవారి చిరునామాలు అడుగుడు. నడుపుచున్నవారు తమ కష్టమును దాచుకొనవచ్చును. మూసినవారికి దాచవలసినదేమియు లేదు. పేరు ఎవరి పేర నమోదైయున్నదో ట్రేడ్‌మార్కుల రిజిస్టరులో ఎవరైనను చూడవచ్చును. చదువుకొన్న పిల్లలచేత వెదకింపుడు. తనది కాని పేరును అద్దెకిచ్చువారు లేకపోలేదు.

ఇంటిలో ఆవకాయయో, సకినాలో, అప్పడములో చేసి అమ్ముకొను సోదరీమణులు ఒక విషయమును మరి శ్రద్ధతో చూడవలెను. ఒప్పందకాలమున అట్టి వ్యాపారము వేరే చేయరాదను షరతు అనేక ఒప్పందములలో నుండును. ఒప్పందము నడచుచున్నంతవరకు అట్టి షరతు చెల్లుబాటగునని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కంపెనీల వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. అనగా పరుల పేరు బోర్డుమీదికి ఎక్కిన దినమున మీ జాడీ పచ్చడి అంగడినుండి దిగవలసి రావచ్చును. పదియేండ్లుగా పేటవారు మీ పేరు చెప్పి కొనుచున్న పచ్చడి యైనచో, మాకు తోచినంతవరకు దానికే ఆహారశాఖ అనుమతి తీసికొని, మంచి సీసాలు కొని, మీ పేరే అంటించుట మేలు. ఆ పేరునకు నెలనెల ఎవరికిని అద్దె కట్టనక్కరలేదు.

బంగారము విషయమున మేము కొంచెము కఠినముగా చెప్పవలసియున్నది. అది స్త్రీధనమైనను, మెహరు సొమ్మైనను, స్త్రీ సొత్తు. అంగడి ఆమె పేర పెట్టి, సంతకము ఆమెచే చేయించి, గల్లాపెట్టె వేరొకరు చూచు ఇండ్లను మే మెరుగుదుము. నష్టము వచ్చినప్పుడు నోటీసు సంతకము చేసినవారి పేరనే వచ్చును. తిండి చెడినను అంతే. ఆహారశాఖ అనుమతి ఎవరి పేర నుండునో మొదట వారినే అడుగుదురు. తాకట్టు వడ్డీ నిలిచినచో నగలు వేలమునకు పోవును. ఉన్నదంతయు పెట్టుట మాకు సమ్మతము కాదు. తాకట్టు లేకుండ పది లక్షలవరకు ముద్రా ఋణము బ్యాంకులు 2015నుండి ఇచ్చుచున్నవి. అడిగినవారికెల్ల దొరకదు గాని, బ్యాంకువారు మీ లెక్కను చూచి వేయు ప్రశ్నలే ఒక పరీక్ష.

పాతబస్తీలో అంగడిచోటును గూర్చి కూడ ఒక మాట. మెట్రో రైలుమార్గమును ఎం.జి.బి.ఎస్. నుండి ఫలక్‌నుమా వరకు పొడిగించుటకై 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగినది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మొగల్‌పురా, షాలిబండ వైపు రోడ్డు వెడల్పునకై కట్టడములు సేకరించుచున్నారు. ఆ దారిలో గది తీసికొనువారు, అది గీతకు లోపల నున్నదా వెలుపల నున్నదా యని విచారింపక ఎనిమిది లక్షల బల్లలు, అద్దములు అమర్చరాదు. గది అద్దె మూడేండ్లకును, ఫ్రాంచైజీ ఐదేండ్లకును వ్రాసికొన్నచో తక్కిన రెండేండ్లు బోర్డు ఎక్కడ కట్టెదరు?

కడపట, ఒప్పందపు కడపటి పుటనుండి చదువుడు. గడువు తీరిననాడు డిపాజిట్టు ఎన్ని దినములలో తిరిగి వచ్చును? మిగిలిన సరకును వారు తీసికొందురా? మరల ఐదేండ్లకు వ్రాయింపవలెనన్న క్రొత్త రుసుమెంత? అంగడిని ఇతరులకు అమ్ముకొను హక్కు గలదా? వ్యాజ్యము వచ్చినచో హైదరాబాదులో నడచునా, ఢిల్లీలోనో ముంబయిలోనో అని వ్రాసియున్నదా? ఇంగ్లీషున నున్నదానిని తెలుగుననో ఉర్దూననో పంక్తి పంక్తికి చదివి చెప్పు వకీలునకు ఇచ్చు రుసుము, తక్కిన ఖర్చులతో పోల్చినచో చాల స్వల్పము.

ఫ్రాంచైజీ తీసికొని నడుపుచున్న సోదరీమణులును, తీసికొని విడిచినవారును తమ లెక్కలు మాకు వ్రాసి పంపినచో, పేర్లు తెలుపకుండ రాబోవు సంచికలలో ప్రకటింతుము. లాభము వచ్చినవారి యుత్తరములు మరి ముఖ్యముగ కోరుచున్నాము; రోజు అమ్మకమెంతయో మాత్రము మరువక వ్రాయవలెను.