మత్తు వ్యసన నిర్మూలన: శిక్షతోపాటు చికిత్సకూ సమ ప్రాధాన్యం అవసరం

చీపురుపల్లి (విజయనగరం జిల్లా): మత్తు పదార్థాల సమస్య ప్రస్తావనకు రాగానే గంజాయి రవాణా, పోలీసు తనిఖీలు, అరెస్టులు గుర్తుకు రావడం సహజం. ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు ప్రాంతాలలో సాగయిన గంజాయి ఉత్తరాంధ్ర మీదుగా తరలిపోతున్న కారణంగా, హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గంలో ఉన్న చీపురుపల్లికి కూడా ఈ అప్రమత్తత అవసరమే. అయితే గంజాయి కంటే ఎన్నో రెట్లు అధికంగా కుటుంబాలను కుంగదీస్తున్నది మద్యమేనని గణాంకాలు స్పష్టం చేస్తున్నాయి.

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించి, 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుండి 75 సంవత్సరాల వయసు వారిలో 14.6 శాతం మంది, అనగా సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు పైబడిన పురుషులలో 23.3 శాతం మందికి మద్యం అలవాటు ఉన్నది.

నియంత్రణ చర్యలకు రాష్ట్రంలో లోటు లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రగిల్చిన ఉద్యమ ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలింపబడినది. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట గంజాయి తోటలను ధ్వంసం చేసి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దగ్ధం చేశారు. 2024లో 'ఈగల్' ప్రత్యేక విభాగం ఏర్పాటయినది. సరఫరాను అరికట్టే ఈ చర్యలు ఎంత అవసరమైనా, ఇప్పటికే వ్యసనపరులైన వారిని కోలుకొనునట్లు చేయగలిగినది వైద్యమే.

వ్యసనాన్ని దుర్గుణంగా మాత్రమే భావించి కుటుంబ సభ్యులు గుట్టుగా దాచడం చికిత్సకు తొలి అవరోధం. కేసుల భయం రెండవది. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం 20 కిలోలకు మించిన గంజాయి కేసులలో కనీసం 10 సంవత్సరాల కఠిన కారాగారం విధిస్తున్నది. అదే చట్టంలోని 64-ఎ సెక్షన్, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో చిక్కిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే విచారణ నుండి మినహాయింపు కల్పిస్తున్నది. చికిత్సను మధ్యలో మానితే ఈ మినహాయింపు రద్దు కావచ్చును.

మూడవది అవగాహనా లోపం. ఏళ్ల తరబడి ప్రతిదినం అధికంగా సేవించేవారు మాల వేసుకొన్న సందర్భంలోనో, ఒట్టు పెట్టుకొనియో ఒక్కసారిగా మానినపుడు వణుకు, చెమటలు, మూర్ఛ, మతిభ్రమ కలిగే అవకాశమున్నది. ఇది ఒక్కొక్కసారి ప్రాణాంతకం కూడా. సంకల్పం మంచిదే, కానీ ముందుగా వైద్యుని సంప్రదించడం శ్రేయస్కరం. రోగికి తెలియకుండా అన్నంలో 'మందు మాన్పించే మందు' కలపడం మరింత ప్రమాదకరం.

మహిళా స్వయం సహాయక సంఘాలు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు ఇటువంటి కుటుంబాలను గుర్తించి, నింద మోపక వైద్యుని వద్దకు చేర్చగలిగితే ఎన్నో ఇళ్లు నిలబడగలవు. వ్యసన విముక్తి సలహాలకు జాతీయ ఉచిత సహాయ నంబరు 14446ను, గంజాయి రవాణా, విక్రయాల సమాచారం తెలియజేయుటకు 'ఈగల్' నంబరు 1972ను ప్రజలు వినియోగించుకోవచ్చును.