టెలిస్కోపుకు గురి పగలే కుదర్చండి

పిల్లలకు అద్దపు టెలిస్కోపు కొన్నారా? చీకటిలో తడుముకోక, గురి పగలే కుదర్చండి. సూర్యుడు మీ వీపు వెనుక ఉండాలి. 25 మి.మీ. అక్షికటకము అమర్చి, దూరపు తాటిచెట్టు తలను మధ్యకు తెండి. తరువాత గొట్టముపైనున్న చిన్న గురి టెలిస్కోపు మరలు త్రిప్పి, అందులోను అదే తల మధ్యకు వచ్చునట్లు చేయండి. బొమ్మ తలక్రిందులుగా కనబడుట లోపము కాదు.

నాభ్యంతరము 900 మి.మీ. అయితే 36 రెట్లు పెద్దగా కనబడును. చంద్రుని గుంటలకు, 1610లో గెలీలియో చూచిన గురుగ్రహపు నాలుగు చంద్రులకు అది చాలును. చూచుటకు అరగంట ముందే ఆరుబయట పెట్టి అద్దము చల్లారనివ్వండి.

అన్నిటికంటె ముఖ్యము: దానిని సూర్యునివైపు ఎన్నడూ త్రిప్పవద్దు, క్షణములో చూపు పోవును. పగటి పని కాగానే రెండింటికీ మూతలు పెట్టి, పసివారికి అందకుండ దాచండి.