బండిని ఉన్నట్టు ఉంచుకుంటే అభిరుచి లేనట్టా?

సంపాదకులకు,

స్పోర్ట్స్ కార్లు, బైకులు మార్పించుకునే కుర్రాళ్ళ మీద మొన్న ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివి ఒళ్ళు మండింది. కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టే వాడుకునేవాళ్ళకు అభిరుచి లేదట! ఆ రాసినాయన ఎప్పుడైనా ప్లగ్గు విప్పి తుడుచుకున్నారా?

నాది 1991 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. మా నాన్నగారు కొన్నది. 1996లోనే వాటి తయారీ ఆగిపోయింది. రెండేళ్ళ కిందట క్లచ్ ప్లేట్లు మార్చమని ఏలూరులో ఒక షెడ్డులో ఇచ్చాను. తెచ్చుకోబోతే సైలెన్సర్ మారిపోయి ఉంది. "సౌండు అదిరిపోద్ది సార్" అన్నాడు మెకానిక్. నేనడిగానా? పాతది ఇనప సామాన్లవాడికి వేసేశాడట. తాడేపల్లిగూడెం వస్తుంటే భీమడోలు దాటాక ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది, పక్కనే లారీ. క్లచ్ నొక్కబట్టి బతికాను. విప్పి చూస్తే పిస్టన్ ఒక పక్కంతా నిలువు గీతలు, గోరు పెడితే దిగుతోంది.

టూ స్ట్రోక్ బండికి సైలెన్సరంటే చప్పుడు తగ్గించే గొట్టం ఒక్కటే కాదండీ. కాలకుండా బయటికి జారిపోయే పెట్రోలును వెనక్కి నెట్టేది దాని లోపలి ఆకారమే. అది మార్చి కార్బొరేటర్‌లో జెట్ మార్చకపోతే పెట్రోలు చాలక ఇంజను కాగిపోతుంది. దీని మీద మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాటా లేదు.

అసలు మన రోడ్ల మీద రాయాల్సినవే లేవా? కైకలూరు వైపు చేపల వ్యాన్ల నుంచి నీళ్ళు కారి రోడ్డు జారుడుబండ అవుతోంది. మనవరాలికి ఆటపాకలో గూడబాతుల్ని చూపించడానికి వెళ్తూ రెండుసార్లు పడబోయాను. తీరా వెళ్తే అక్కడా ఇద్దరు కుర్రాళ్ళు సైలెన్సర్లు పేల్చారు. పక్షుల కోసం పెట్టిన ఇనప స్టాండ్ల మీది గూడబాతులు ఒక్కసారిగా లేచిపోయాయి. పిల్ల చెవులు మూసుకుని ఏడ్చింది.

సీటు కవరు మార్చుకోండి, కాదనను. నేను మాత్రం కంపెనీ సైలెన్సర్ కోసం విజయవాడ ఆటోనగర్‌లో ఏడు నెలలు తిరిగాను. దొరికినదాన్ని బిగించి కిక్కు కొడితే, నాన్నగారు మా వీధి మలుపు తిరిగేటప్పుడు వినిపించే చప్పుడే వచ్చింది. దీన్ని ఏమంటారో మీ వ్యాసకర్తను రాయమనండి.

— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం