అడిగితే పోయేదేముంది?

పోయిన సంచికలో నేనో పని చేశాను. నాకు బాగా నచ్చిన ఒక కథని మొత్తం టైప్ చేసి, కింద ‘రచయితకు కృతజ్ఞతలతో’ అని రాసి పెట్టేశాను. పది రోజులకి ఆ రచయిత గారి అమ్మాయి నుంచి మెయిల్. ‘నాన్నగారి కథ మీకు నచ్చినందుకు సంతోషం. ఒక్క మాట అడిగి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని.’ అంతే. తిట్టినా బాగుండేది!

‘ఎడ్యుకేషనల్ పర్పస్’ అంటే చాలు, అన్నీ ఫ్రీ అని మనందరికీ ఒక నమ్మకం. అది సగమే నిజం.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, పాఠం చెప్పడంలో భాగంగా టీచరుగానీ స్టూడెంటుగానీ కాపీ తీసుకోవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీలోని ఒక జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద పబ్లిషర్లు 2012లో కేసు వేస్తే, 2016లో హైకోర్టు ఈ సెక్షన్ చూపించే కొట్టేసింది. పుస్తకాల ధరలు చూసేవాళ్లెవరైనా అది మంచి తీర్పే అంటారు. కాలేజీలో మనవాళ్ల ముందు, పేరెంట్స్ ముందు నాటకం వేసుకోడానికి కూడా పర్మిషన్ అక్కర్లేదు.

కానీ ఆ నాటకాన్నే యూట్యూబ్‌లో పెడితే? మన ఈ-మ్యాగజైన్ సంగతీ అంతే. లింకు ఉన్న ఎవరైనా చదవొచ్చు. ఇది క్లాసు కాదు, ప్రచురణ.

రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ‘కన్యాశుల్కం’ ఎవరైనా వేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, కాబట్టి 2043 చివరిదాకా ఆయన కవితలకి అడగాల్సిందే.

‘ఎవర్ని అడగాలి?’ అంటారు. నిజమే, తెలుగులో అదే పెద్ద కష్టం. పాత పుస్తకం మీదున్న అడ్రసులో ఇప్పుడు ఎవరూ ఉండరు. అలాంటప్పుడు కథ మొత్తం వేయకుండా దాని గురించి రాద్దాం. సమీక్షలో అవసరమైన నాలుగు వాక్యాలు ఉదహరించడానికి చట్టం ఒప్పుకుంటుంది. గిట్‌హబ్‌లో కోడ్ తీసుకునేముందు లైసెన్స్ చూసే మనం, కథ దగ్గర ఎందుకు చూడం?

మన క్లబ్ ఒక చిన్న ఉత్తరం రెడీగా పెట్టుకుంటే చాలు: ఏ రచన, ఎక్కడ వేస్తాం, డబ్బులు తీసుకోవట్లేదు. ఐదు నిమిషాల పని.

నేను క్షమాపణ చెప్పి, ఆలస్యంగానే అయినా అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడా కథ కింద ‘అనుమతితో’ అని ఉంటుంది. చూసుకుంటే నాకే గర్వంగా ఉంది.