నొప్పి ఊళ్లో, మందు పట్నంలో
“ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి” అని పెద్దాసుపత్రి చేతులెత్తేశాకే అసలు చాకిరీ మొదలవుతుంది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద పుండ్లు పడతాయి. మూత్రం గొట్టం శుభ్రంగా చూసుకోవాలి. అర్ధరాత్రి నొప్పి ముదిరితే ఏ మాత్ర ఎంత వేయాలో తెలియాలి. ఇదంతా కోడలి మీదో, కూతురి మీదో పడుతోంది. ఆమెకు నేర్పే నాథుడు లేడు. కేరళ 2008లోనే ఇంటి దగ్గర ఉపశమన సేవను ప్రభుత్వ విధానం చేసింది. అక్కడ పంచాయతీల తోడ్పాటుతో నర్సు ఇంటికే వస్తుంది, ఊళ్లోని వాలంటీర్లు వెంట ఉంటారు. తెలంగాణలో ఇలా ఇంటికొచ్చి సేవ చేసే ‘ఆలన’ వాహనాలు వచ్చాయి, సంతోషం; కానీ జిల్లా కేంద్రం నుంచి బయల్దేరిన బండి ఎన్ని గడపలు తొక్కగలదు? ఇక మార్ఫిన్ సంగతి. క్యాన్సర్ నొప్పికి ఇంతకు మించిన చవక మందు దాదాపు లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పుట్టించిన భయంతో దాన్ని దుకాణాలు ముట్టుకోవడం మానేశాయి. 2014లో పార్లమెంటు చట్టం సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించింది గానీ, డాక్టర్ల బెదురు తగ్గలేదు. మనవాళ్లు బతికించడానికి పొలం అమ్ముతారు, నొప్పి లేకుండా సాగనంపడానికి మాత్రం ఎవరినీ నిలదీయరు. మండలానికొక శిక్షణ పొందిన నర్సు, పీహెచ్‌సీలో మార్ఫిన్ నిల్వ: ఓటడగడానికి వచ్చినవాళ్లను ఈసారి ఈ రెండూ అడగండి.