పద్మావతి వకుళమాత యైన వైనము



క్రిందటి మాసము ఈ పుటలు వంటయింటి సంగతులతోనే నిండినవి. ఈ మాసము పాటను గూర్చియు, పాటను నమ్ముకొని బ్రదికిన మన సీమ స్త్రీ నొకతెను గూర్చియు ముచ్చటింప నెంచితిమి. ఇందులకు కారణము మా వీథిలో జరిగిన యొక చిన్న సంగతి. అందు మా తప్పిదము కూడ కలదు గనుక దాచక చెప్పెదము.

మావారి యుద్యోగము బడిపంతులుది. బదిలీలనుబట్టి మేము పులివెందులలో నాలుగేండ్లును, ప్రొద్దుటూరిలో ఆరేండ్లును కాపురము చేసి, ఇప్పుడు జమ్మలమడుగునకు వచ్చితిమి. ఇచట మా ప్రక్కయింటి పిల్లకు పందొమ్మిదవ యేడు. ఎనిమిదేండ్లుగా సంగీతము నేర్చుకొనుచున్నది. సాయంకాలము మేము దీపము పెట్టు వేళకు సరిగా ఆ పిల్ల శ్రుతి పెట్టుకొని వర్ణము మొదలు పెట్టెడిది. మా యింట గడియారము లేకున్నను ఆ పాటతో ప్రొద్దు తెలిసెడిది.

ఒకనాడు ఆ పిల్ల తల్లి కరివేపాకు కొఱకు వచ్చి, గడప మీద కూర్చుండి, “అక్కా! పిల్లకు సంబంధాలు చూస్తున్నాము. ఇంకా ఈ సరిగమలెందుకని మా అత్తగారు ఒకటే సణుగుడు. వచ్చేవాళ్లు ఏమనుకుంటారో అని మాకూ భయంగా ఉంది. మీరు చదువుకొన్నవారు, చెప్పండి. మాన్పించేదా?” అని యడిగినది. మేమేమి చెప్పితిమో వినుడు. “మీ పెద్దలకెట్లు తోచిన అట్లు చేయుడమ్మా” అంటిమి. ఆ మాట అనుట సులభము. ఎవరికిని కోపము రాదు. మరునాటి నుండి ప్రక్కయింట పాట వినరాలేదు.

పది దినములు గడచినవి. ముక్కోటి యేకాదశి రాత్రి మా యింట అందరమును టెలివిజను ముందు కూర్చుండి ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము’ చిత్రమును చూచుచుంటిమి. వకుళమాత తన కృష్ణునికై యెదురు చూచుచు పాడు ఘట్టము వచ్చినది. మా అత్తగారు కన్నులొత్తుకొని, “ఈ యమ్మ మన ప్రొద్దుటూరామెయే గదా!” అనిరి. మా అమ్మాయి నమ్మలేదు. “సినిమాలో ఉన్నామె మన ప్రొద్దుటూరామెనా?” అని వింతగా అడిగినది. ఆ రాత్రి దానికి చెప్పిన కథనే ఇపుడు మీకును చెప్పెదము.

ఆమెను లోకము శాంతకుమారి యని యెరుగును. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుబ్బమ్మ. ఇంటి పేరు వెల్లాలవారు. వెల్లాల యనగానే మన ప్రాంతపు స్త్రీలకు సంజీవరాయస్వామి దేవళము తలపునకు వచ్చును. ఆమె 1920వ సంవత్సరము మే నెల 17వ తేదీన జన్మించెను. తండ్రి నటుడు, తల్లి సంగీతము తెలిసిన విదుషి. గండికోట కొండల నడుమ నుండి వెలువడి, జమ్మలమడుగును దాటి, ప్రొద్దుటూరు చేరు పెన్నానది వలెనే, ఆ యింట పాట ఒక తరము నుండి మరియొక తరమునకు ప్రవహించినది.

పిల్ల గొంతును గుర్తించి పెద్దలు ఆమెకు మద్రాసులో సంగీతశిక్షణ యిప్పించిరి. గురువు ఆచార్య పి. సాంబమూర్తిగారు, సంగీతశాస్త్రమున ప్రసిద్ధులు. సహాధ్యాయిని డి. కె. పట్టమ్మాళ్. తరువాతి కాలమున కచేరీ వేదికపై స్త్రీలకు గౌరవస్థానము సంపాదించిన విదుషీమణులలో ఆమె యొకతె. మన సుబ్బమ్మ వయొలిను వాయించుట కూడ నేర్చెను. పదునైదేండ్ల ప్రాయముననే మద్రాసులోని యొక పాఠశాలలో పిల్లలకు పాట నేర్పుచుండెను. బడిపంతులు భార్యలమైన మాకు ఈ మాట వ్రాయునపుడు కొంత గర్వము కలుగుట సహజమే.

తెలుగున మాటలాడు చలనచిత్రము 1932లో వచ్చినది. ఆ తొలి దినములలో ఒకరు ఆడగా వేరొకరు తెర చాటున పాడు ఏర్పాటు లేదు. ఎవరి పాట వారే పాడవలెను. కావున గొంతున్నవారే నాయికలైరి. 1936లో పి. వి. దాసుగారు తమ ‘శశిరేఖా పరిణయము’నకు నాయికను వెదకుచు ఈ పదునాఱేండ్ల పంతులమ్మను ఎంచుకొనిరి. నాటి నుండియే సుబ్బమ్మ శాంతకుమారి యైనది. మరుసటి యేడు ‘సారంగధర’. దానికి దర్శకులు నెల్లూరు వాస్తవ్యులైన పి. పుల్లయ్యగారు. ఆ సంవత్సరమే వారిరువురకును వివాహమైనది.

ఇక్కడ ఒక్క మాట. నాటి దినములలో వేదికపై పాడు స్త్రీని, తెరపై కనబడు స్త్రీని లోకము చూచిన చూపు మంచిది కాదు. అందరును ఆమె పాట విందురు. విని, తమ యింటి పిల్లకు మాత్రము ఆ పాట వలదందురు. అట్టి కాలమున ఆలుమగలు ఒకే వృత్తిలో ప్రక్కప్రక్కన నిలిచి, సంసారమును విద్యను రెంటిని నిలుపుకొనుట తక్కువ మాట కాదు. భర్త దర్శకుడు, భార్య నటి. ఉభయులును చిత్రనిర్మాణమునందు కూడ పాలుపంచుకొనిరి. పద్మశ్రీ పిక్చర్సు అను పేర వారి సంస్థ నడచినది.

మన కడప మండలమునకు ఈ కథతో ఇంకొక బంధము కూడ కలదు. మేము పులివెందులలో నున్నపుడు ఆ తాలూకాలోని కొత్తపల్లె బి. ఎన్. రెడ్డిగారి జన్మస్థానమని అచటివారు మురిపెముతో చెప్పెడివారు. ఆయనయు మఱికొందరును కలిసి స్థాపించిన వాహినీ సంస్థ 1949లో ‘గుణసుందరి కథ’ను తీసినది. ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారి విజయా సంస్థ 1950లో ‘షావుకారు’ను తీసినది. ఈ రెంటను శాంతకుమారి నటించెను. మన సీమ మనుష్యులు మద్రాసులో అట్లు కలిసికొనిరి.

‘గుణసుందరి కథ’లో ఆమె నాయిక కాదని గమనింపుడు. రాజునకు ముగ్గురు కూతుండ్రు. చిన్నది గుణసుందరి, కథానాయిక. శాంతకుమారిది గర్విష్ఠియైన పెద్ద కూతురు రూపసుందరి పాత్ర. అప్పటి కామెకు ఇరువదితొమ్మిదేండ్లు. పదమూడేండ్లు నాయికగా నుండిన స్త్రీ ఆ పీఠమును వేరొకరికి విడిచి ప్రక్కకు జరుగుట యెంత కష్టమో మనము గ్రహింపలేమా? ఇంటికి క్రొత్తకోడలు వచ్చినపుడు తాళపుచెవుల గుత్తి నిచ్చుటకే మన చేయి సాగదు గదా!

1955లో భర్త దర్శకత్వమున వచ్చిన ‘అర్ధాంగి’లో ఆమె సవతితల్లి రాజేశ్వరి. సవతికొడుకు పాత్ర అక్కినేని నాగేశ్వరరావుగారిది. ఆయన తొలుత తెరపై కనబడినది 1941 నాటి పుల్లయ్యగారి ‘ధర్మపత్ని’లోనే. అప్పుడు చిన్న పాత్ర. వయసున ఆమెకును ఆయనకును కొలది యేండ్లే యెడము. అయినను ఆమె ఆయనకు తల్లియైనది. 1971 నాటి ‘ప్రేమనగర్’లోను తల్లియే. నటుడు ఏబదియేండ్లకు చేరువైనను నాయకుడే. నటికి ముప్పది దాటినవో లేదో, కొంగు నిండుగ కప్పి తల్లి పీట వేయుదురు. ఇది న్యాయమా అని మీరడిగిన, కాదనియే మా యుత్తరము. కాని ఆమె ఆ పీట మీద కూర్చుండి యేమి చేసినదో చూడవలెను.

1939లో పుల్లయ్యగారు తిరుపతి వేంకటేశ్వరుని కథను తొలిసారి తెరకెక్కించిరి. దానికి ‘బాలాజీ’ అనియు పేరు కలదు. స్వామి సి. ఎస్. ఆర్. ఆంజనేయులు. పద్మావతి శాంతకుమారి. పందొమ్మిదేండ్ల పెండ్లికూతురు. ఇరువదియొక్క యేండ్లు గడచినవి. 1960లో పుల్లయ్యగారే ఆ కథను మరల తీసిరి. స్వామి నందమూరి తారకరామారావుగారు. పద్మావతి సావిత్రి. శాంతకుమారి వకుళమాత. తాను పెండ్లికూతురుగా కూర్చున్న పీట మీద వేరొకరిని కూర్చుండబెట్టి, తాను ఆ పెండ్లి కుదిర్చి, జరిపించు తల్లి యైనది.

వకుళ కథ మీకు తెలియనిది కాదు. ద్వాపరమున యశోద కృష్ణుని పెంచినది గాని ఆయన పెండ్లి కన్నులార చూడలేదు. ఆ కోరిక తీరుటకై కలియుగమున వకుళగా వచ్చినది. పెంచుటయే గాని అనుభవించుట యెరుగని తల్లి. ఆ పాత్రను ధరించునాటికి శాంతకుమారికి నలువదేండ్లు నిండవచ్చినవి. అప్పటికి తెర చాటున పాడువారి కాలము చిరకాలముగా స్థిరపడినది. ఆ చిత్రముననే సావిత్రికి పి. సుశీలగారు పాడిరి. శాంతకుమారి మాత్రము తన పాట తానే పాడెను. పదునాఱేండ్ల నాడు గొంతున్నందున తెర మీదికి వచ్చినది. నలువదేండ్ల నాడు కూడ ఆ గొంతే ఆమెను నిలిపినది. పెండ్లికూతురి పాత్ర పోయినది. చీర పోయినది. నగలు పోయినవి. పాట పోలేదు.

ఈ మాట మా అమ్మాయికి చెప్పుచుండగనే మాకు మా నాలుక తడబడినది. మా తండ్రిగారు మాకు ఇంటనే అమరమును, భారత భాగవతములను చదువు చెప్పిరి. భర్తృహరి సుభాషితములు చెప్పునపుడు, “విద్యను గూర్చి ఇందు పురుషులకని వ్రాసినారు. నీవు నీకని చదువుకొనుము” అని నవ్వెడివారు. పెండ్లియైన పిమ్మట ఆ పుస్తకములు ట్రంకు పెట్టెలో చేరినవి. మమ్ము చదువవలదని యెవరును అనలేదు. మేమే మానితిమి. ఇప్పుడు మాకును ముప్పదియైదు నిండినవి. మమ్ము పిలుచువారు పంతులుగారి భార్య యందురు, పిల్లల తల్లి యందురు. ఆ పేర్లు మాకు ప్రియములే. కాని ఆ రెండు పేర్లకును అడుగున నొక మనిషి యున్నదనుటకు గుర్తు ఆ పెట్టెలోనే యున్నది. అట్టి మేము ప్రక్కయింటి పిల్ల వర్ణమును గూర్చి “మీ యిష్టము” అని తప్పించుకొంటిమి!

మరునాడు ద్వాదశి. వంట ముగించుకొని ప్రక్కయింటికి పోతిమి. ఆ తల్లితోను, ఆమె అత్తగారితోను, “నాడు మేము చెప్పిన మాట సరియైనది కాదు. తప్పించుకొనుటకు చెప్పిన మాట. పిల్లకు పాట మాన్పింపవలదు” అంటిమి. ముసలమ్మకు కోపము వచ్చినది. “మా యింటి పిల్ల సినిమాలో చేరవలెనా?” అనెను. “చేరవలదు. పిల్ల పందొమ్మిదేండ్లు కలకాలముండవు, ఎనిమిదేండ్లు సాధించిన విద్య యుండును. అత్తవారింట పనియంతయు ముగిసి, అందరును నిద్రించిన పిమ్మట, తన కొఱకు తాను కూనిరాగము తీయుటకైనను ఆ విద్య యుండనిండు” అంటిమి. ఆమె మారు పలుకలేదు. మజ్జిగ మాత్రము ఇచ్చి పంపెను.

నాలుగు దినములు ఏ సవ్వడియు లేదు. ఐదవనాడు దీపము పెట్టు వేళ శ్రుతి వినబడినది. గొంతు కొంచెము పట్టుకొని యున్నది. పది దినములకు పైగా సాధన మానిన ఫలము. సంబంధము వారు రాబోవు మాసము పిల్లను చూచుటకు వత్తురట. వారేమందురో మాకు తెలియదు. పాట పాడుమని యడుగుదురో, పాట మానుమని యడుగుదురో! ఏమడిగినను ఆ తల్లి ఈసారి మమ్మడుగనక్కఱలేదని చెప్పినది. ఆ మాట మాకు సంతోషమే.

శాంతకుమారి 2006 జనవరిలో చెన్నపట్టణమున కన్నుమూసినది. ఎనుబదియైదేండ్ల నిండు జీవితము. ప్రొద్దుటూరిలో మేమున్న ఆరేండ్లును దసరాకు కన్యకాపరమేశ్వరి దేవళమునకు పోయి వచ్చెడివారము. ఆ వీథులలో పసిడి కొట్లు చూచితిమి గాని, ఈమె పుట్టిన యూరని ఒక్కనాడైనను మా పిల్లలకు చెప్పలేదు. ఈ వ్యాసముతో ఆ బాకీ కొంత తీర్చుకొంటిమి.

సోదరీమణులారా! మీలో వీణెకు గవిసెన తొడిగి మూల నిలిపినవారుందురు. కుట్టుపని మానినవారుందురు. మా వలె పుస్తకములు పెట్టెలో నుంచినవారుందురు. మీరు దేనిని మానితిరో, ఎప్పుడు మానితిరో, మాకొక కార్డు వ్రాయుడు. మీ యింట పందొమ్మిదేండ్ల పిల్ల యున్నచో ఆమె గొంతును ముందు వినుడు. మేము ఈ వారమే పెట్టె తెరచితిమి. భాగవతమునకు చెదపట్టలేదు. అట్ట మాత్రము ఊడినది. మావారు జిగురు పెట్టి ఎండలో ఆరబెట్టినారు.